అనధికార చూడి

మా మండలంలో గేదెలు దేనికి తోచినప్పుడు అది ఎదకు వస్తోందన్న సంగతి పైవాళ్లకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకటి కార్తీకంలో వస్తుంది, ఇంకొకటి పుష్యంలో వస్తుంది. కొన్ని రెండేళ్లు ఊరుకుని, యజమాని విసిగిపోయి సంతకు తోలుకుపోతుంటే దారి మధ్యలో వస్తాయి. దూడలు కూడా అదే క్రమశిక్షణతో ఏడాది పొడుగునా పుడుతుంటాయి. ఫలానా రోజున పుడుతుందని ముందుగా తెలియని దూడ దగ్గర ఏ అధికారీ రిబ్బను కత్తిరించలేడు.

ఈ అరాచకాన్ని సరిదిద్దడానికి పశుసంతాన సమకాలీకరణ సంస్థ అని ఒకటి వెలిసింది. దానికి జిల్లాలో ఒక ప్రత్యేకాధికారి, ఆయనకు ఒక జీపు, జీపు మీద ఒక నినాదం వచ్చాయి: "ఒకే మండలం – ఒకే ఎద." ప్రయోగానికి మా మండలం ఎంపికైంది. మా పశువైద్యశాలలో ఉండేది ఇద్దరం. డాక్టరు ఏసురత్నం గారు చెయ్యి పెట్టి చూస్తారు. నేను తోక పట్టుకుంటాను.

ప్రత్యేకాధికారి ఉమాపతి గారు రైతులకు అవగాహన సదస్సు పెట్టారు.

"సోదర రైతులారా! విడివిడిగా ఎదకు రావడం అనేది ఒక స్వార్థ ధోరణి. పశువుల్లో సమష్టి భావన లోపించడమే మన పాడి వెనుకబాటుకు మూలకారణం. మార్చి నెలలో మా సంస్థ వ్యవస్థాపక దినోత్సవం. ఆ శుభదినాన ఈ మండలంలోని గేదెలన్నీ ఏకకాలంలో ఈని, సంస్థకు తమ శుభాకాంక్షలు తెలియజేయవలసి ఉన్నది."

వెనక బల్ల మీద నుంచి ఎవరో అన్నారు: "పురుళ్లు గూడా అన్నీ ఒకే రోజు పెట్టించండయ్యా. మంత్రసానికి తిరుగుడు తప్పుద్ది."

"పరిశీలిస్తాం" అన్నారు ఉమాపతి గారు.

ఏసురత్నం గారు లేచారు. ఆయన మెల్లగా మాట్లాడే మనిషి. ఎప్పుడూ గొడ్ల దగ్గరే మాట్లాడతారు కాబట్టి గొంతు పెంచడం అలవాటు లేదు.

"అయ్యా, గేదె చూడి పది నెలల చిల్లర. మార్చి నుంచి వెనక్కి పోతే మే నెల వస్తుంది. మేలో గేదెలు ఎదకు రావండి. వచ్చినా పైకి కనపడదు. మూగ ఎద అంటాం."

"ఎందుకు రావు?"

"ఎండకండి. మెదడు కింద ఉండే గ్రంథి కబురు పంపదు. అది పంపందే అండాశయం కదలదు."

"అంటే సమాచార లోపం." ఉమాపతి గారి ముఖం విప్పారింది. ఆయనకు తెలిసిన జబ్బు అదొక్కటే. "కబురు మనమే పంపుతాం. ఇంజెక్షను ద్వారా."

ఆ ఇంజెక్షను సంగతి కొంచెం చెప్పాలి. గేదె అండాశయం చిక్కుడుగింజ కంటే కాస్త పెద్దది. అందులోంచి అండం విడుదలైన చోట ఒక కండముద్ద లేస్తుంది. దాన్ని పచ్చముద్ద అంటారు. ఆవులో నిజంగానే పసుపు పచ్చగా ఉంటుంది. గేదెలో అంత ఉండదు, అయినా పేరు పేరే. ఆ ముద్ద ఒక కాపలాదారు. అది కూర్చుని ప్రొజెస్టిరాన్ అనే హార్మోను వదులుతున్నంత కాలం గేదె మళ్లీ ఎదకు రాదు. కడుపులో పిండం ఉందని కబురు అందితే కాపలా సాగిస్తుంది. అందకపోతే గర్భసంచే ప్రోస్టాగ్లాండిన్ అనే ఇంకో హార్మోను పంపి దాన్ని లేపేస్తుంది. అప్పుడు మళ్లీ ఎద. సంస్థ తెచ్చిన ఇంజెక్షను ఆ లేపేసే మందే. ఖాళీ గేదెకు వేస్తే ఎదకొస్తుంది, అదీ లేపడానికి ముద్దంటూ ఉంటేనే. చూడి గేదెకు వేస్తే కాపలా లేచిపోయి దూడ జారిపోతుంది.

మే పన్నెండున మండలంలోని ప్రతి గేదెకూ ఈ సూది పడాలని ఉత్తర్వు. మినహాయింపు ఒక్కటే. సంస్థ ద్వారా కట్టించిన చూడి అయి ఉండాలి. సంస్థ మా జిల్లాకు వచ్చింది ఏప్రిల్లో కాబట్టి అలాంటి చూడి మండలంలో ఒక్కటీ లేదు. చూడి గేదెలున్న రైతులంతా రాత్రికి రాత్రే వాటిని పక్క మండలంలో వియ్యాలవారి ఇళ్లకు తోలేశారు. వియ్యాలవారు లేనిది మస్తానమ్మ ఒక్కతే.

మస్తానమ్మది ఇటుకబట్టీ పక్కన రేకుల ఇల్లు. మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి ఒక గేదె, ఒక నోరు. రెండింట్లో నోటికే పాడి ఎక్కువ అని ఊళ్లో అంటారు. గేదె పేరు చుక్క. నొసటన తెల్లమచ్చ. మూడేళ్లుగా కట్టలేదు. మేం ఎన్నిసార్లు ప్రయత్నించినా నిలవలేదు. కటికవాళ్ల బేరగాడు వారానికోసారి వచ్చి దాని వీపు నిమిరి పోతున్నాడు. అటువంటిది పోయిన పుష్యంలో తాడు తెంచుకుని, కాలవ దాటి పక్కూరు పోయి, మర్నాడు ఏమీ ఎరగనట్టు వచ్చి కుడితి తాగింది.

ఏప్రిల్ చివర్లో ఏసురత్నం గారు చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"ఐదో నెల" అన్నారు. "రక్తనాళం కొట్టుకోవడం చేతికి తెలుస్తోంది."

మస్తానమ్మ ఆయన వంక చూడలేదు, నా వంక చూడలేదు. గేదె మూతి దగ్గరికి పోయి, "మూడేళ్లు నన్ను ఏడిపించి, ఇంత పని జేసి, నాతో ఒక్క ముక్క సెప్పొద్దా, ముదనష్టపుదానా" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ వారం బేరగాడు వస్తే చీపురు తీసింది.

ఆ తర్వాత సూది ఉత్తర్వు వచ్చింది.

ముగ్గురం జిల్లా కార్యాలయానికి వెళ్లాం. ఉమాపతి గారి గది నాలుగు గోడలకూ ఆయన ఫొటోలే. దీపం వెలిగిస్తూ, రిబ్బను కత్తిరిస్తూ, శాలువా కప్పించుకుంటూ.

"నా గేదె సూడిదయ్యా. దానికి మాత్తరం సూది ఎయ్యమాకండి" అంది మస్తానమ్మ.

"ఏ దున్న ద్వారా?"

"అదెవురికి తెలుసయ్యా? కాలవ దాటి పోయింది, వచ్చింది. నేను ఎనకమాల పోయి సూశానా?"

"అంటే సంస్థ అనుమతి లేదు. ముందస్తు సమాచారం లేదు. తండ్రి వివరాలు లేవు." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇది అనధికార చూడి."

"అయ్యా, నేను చేత్తో చూశాను" అన్నారు డాక్టరు గారు.

"మీ చెయ్యి మీద నాకు అపార గౌరవం ఉంది డాక్టరు గారూ. కానీ ఎంత లోపలికి పోయినా అది సర్క్యులరును దాటి పోజాలదు." ఆయన కాసేపు ఆలోచించారు. మనిషి చెడ్డవాడు కాదు, సాయం చేద్దామనే చూశారు. "పోనీ, ఈ చూడిని తాత్కాలికంగా నిలుపుదల చేసి, మే పన్నెండు నుంచి కొత్తగా లెక్కించే వెసులుబాటు ఏమైనా ఉందా?"

"లేదండి. పచ్చముద్ద ఒప్పుకోదు."

"ఎవరది?"

డాక్టరు గారు చెప్పారు. ఉమాపతి గారు శ్రద్ధగా విన్నారు.

"దాన్ని అక్కడ నియమించిందెవరు?"

"ఎవరూ నియమించలేదండి."

"చూశారా! మంజూరు లేని పోస్టు. నియామకం లేని సిబ్బంది. అయిదు నెలలుగా ఎవరి ఆదేశాలూ లేకుండా కాపలా. సరిగ్గా ఇటువంటి వాటిని తొలగించడానికే కదా సంస్థ ఏర్పడింది!"

మెట్లు దిగుతూ మస్తానమ్మ అంది: "ఈయన్ని మోసేటప్పుడు వాళ్లమ్మ ఏ సర్కులరు జూపించిందో." బస్సెక్కాక నన్ను మోచేత్తో పొడిచింది. "పాపా, ఆయనకి సాలువాలంటే బాగా ఇష్టం కామోసు?"

"గోడలు చూశావుగా పెద్దమ్మా."

"సూశా. ఆయన మాటలినే పనిలేక గోడలే సూశా."

మే పదిన మా ఇంట్లో శుభకార్యం, ఐదో నెల చలిమిడి పెడుతున్నాం, మీరే ముఖ్య అతిథి, మీ చేత్తో మొదటి ముద్ద పెట్టి దీవించాలి అని ఆమె ఉమాపతి గారికి ఫోను చేసింది. ఎవరి ఐదో నెల అని ఆయన అడగలేదు. విలేకరులు వస్తారా అని మాత్రం అడిగారు.

"వత్తారయ్యా. ఇద్దరు."

రేకుల ఇంటి ముందు టెంటు వేశారు. పొదుపు సంఘం ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. ఉమాపతి గారికి శాలువా కప్పారు. పళ్లెంలో చలిమిడి, పసుపు కుంకుమ, గాజులు తెచ్చి ముందు పెట్టారు.

"అమ్మాయి ఏదమ్మా?" అన్నారు ఆయన ప్రసన్నంగా.

పందిరి వెనక నుంచి చుక్క వచ్చింది. ఒళ్లు తోమి నూనె రాశారు. కొమ్ములకు పసుపు, మెడలో బంతిపూల దండ, వీపు మీద ఎర్ర రవికెగుడ్డ. ఉమాపతి గారు కుర్చీలోంచి లేవబోయారు. అప్పటికే కెమెరాలు లేచాయి. కెమెరా ముందు మధ్యలో ఆగిపోవడం ఆయన జీవితంలో లేదు. చెయ్యి దానంతటదే అక్షింతల పళ్లెంలోకి పోయింది.

"సుఖప్రసవ ప్రాప్తిరస్తు" అన్నారు.

"పెయ్యదూడ పుట్టాలనండయ్యా" అని అరిచారు ఆడవాళ్లు.

అదీ అన్నారు. చలిమిడి ముద్ద నోటికందిస్తే చుక్క దాన్ని, ఆయన చేతిని, గడియారం దాకా నాకేసింది.

మర్నాడు పేపర్లో రంగుల ఫొటో వచ్చింది. "చూడి గేదెకు శ్రీమంతం. ప్రత్యేకాధికారి ఆశీస్సులు." చూడి అన్న మాట అచ్చులో ఉంది. దాని పక్కనే ఆయన ముఖం ఉంది. మధ్యాహ్నానికి రాజధాని నుంచి సంచాలకులు స్వయంగా ఫోను చేసి, ఇంత మానవీయ కోణం ఏ జిల్లాలోనూ చూడలేదని మెచ్చుకున్నారు. సాయంత్రం ఉమాపతి గారు మా డాక్టరు గారికి ఫోను చేశారు.

"సదరు చూడిని ప్రత్యేక సందర్భంగా పరిగణించి, ఒక్కసారికి మాత్రమే వర్తించే విధంగా క్రమబద్ధీకరించడమైనది. పచ్చముద్దను విధుల్లో కొనసాగించండి."

మే పన్నెండున మిగతా గేదెలన్నిటినీ హైస్కూలు మైదానంలో వరసగా కట్టేశారు. బ్యాండు మేళం వచ్చింది. సూదులు పడ్డాయి. పదకొండు రోజులకు రెండో సూదీ పడింది. ఎదకు రావలసిన రోజు వచ్చింది, గేదెలు మాత్రం వేపచెట్ల కింద నెమరేస్తూ నిలబడ్డాయి. ఒకటి అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. దాని దూడను అవతల కట్టేశారని తర్వాత తెలిసింది.

"సార్, ఒక్కటీ రాలేదండి" అన్నారు డాక్టరు గారు.

"ఇవన్నీ ఎదకు వచ్చే ఉన్నాయి. మూగ ఎద అని మీరే సెలవిచ్చారు."

"అన్నాను గానీ..."

"మౌనం అర్ధాంగీకారం. మనం రెండు సూదులతో రెండుసార్లు అడిగాం. రెండు అర్ధాలు కలిస్తే పూర్ణాంగీకారం. కానివ్వండి."

కానిచ్చాం. డాక్టరు గారు చెయ్యి పెట్టి వీర్యం ఎక్కించారు, నేను తోక పట్టుకున్నాను. మండలం మొత్తానికి అదొక్కటే పని. మూడో నెలలో డాక్టరు గారు చూడి పరీక్షలకు బయల్దేరి, మొదటి ఊళ్లోనే చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. ఏ ఒక్కటీ నిలవలేదు. ఆ మాట చెబితే ఉమాపతి గారు నొచ్చుకున్నారు.

"పరీక్ష అనేది అపనమ్మకానికి చిహ్నం డాక్టరు గారూ. పైగా పరీక్షలకు మనకు నిధులు లేవు. శ్రీమంతాలకు ఉన్నాయి."

చుక్క ఫొటో సంచాలకుల బల్ల మీద అద్దం కింద ఉందట. కాబట్టి ఐదో నెలలో సామూహిక శ్రీమంతం జరిగింది. ఖాళీ కడుపుల గేదెలన్నీ వచ్చి చలిమిడి తిన్నాయి. ఈనే వయసు దాటిన ముసలి గేదెలు వచ్చాయి. చలిమిడి కిలో లెక్కన ఇస్తున్నారని ఒకాయన దున్నపోతును కూడా తోలుకొచ్చాడు. దాని కొమ్ములకూ గాజులు తొడిగారు. అది చాలా మర్యాదగా నిలబడింది.

ఆ గోలలో చుక్క ఈనిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అక్టోబరులో, తెల్లారి పాలవేళకు ఈనింది. పెయ్యదూడే. దానికీ నొసటన తెల్లమచ్చ. మస్తానమ్మ గిన్నెడు జున్ను తెచ్చి పశువైద్యశాల బల్ల మీద పెట్టింది. "డాక్టరు బాబూ, తినండి. పాపా, నువ్వూ తిను. తోక బట్టుకున్న సెయ్యి గదా." డాక్టరు గారు జున్ను తింటూనే ఉమాపతి గారికి ఫోను చేసి సంతోషంగా చెప్పారు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినపడింది.

"అక్టోబరులో ఈనడానికి కార్యక్రమంలో అవకాశం లేదు" అన్నారు ఆయన. "మార్చిలో చూద్దాం."

మార్చి వచ్చింది. వేదిక కట్టారు. వెనక గుడ్డ మీద ఉమాపతి గారు చుక్కకు చలిమిడి పెడుతున్న ఫొటో, ఇంటి గోడంత. సంచాలకుల వారు బయల్దేరారని ఫోను వచ్చింది. అప్పుడు ఉమాపతి గారు మా పశువైద్యశాలకు వచ్చారు. ఆయన్ని ఉపన్యాసం లేకుండా చూడటం నాకదే మొదటిసారి. చెమట తుడుచుకుంటూ, "ఒక్కటైనా?" అన్నారు.

"చలికాలంలో వాటంతటవి ఎదకొచ్చి కట్టినవి చాలా ఉన్నాయండి. అవి ఈనేది వచ్చే చలికాలం మొదట్లోనండి."

"ఇవాళ్టికి?"

"వియ్యాలవారి ఇళ్లకు తోలినవి, దూడలతో సహా, సూది భయానికి ఇంకా తిరిగి రాలేదండి. ఇవాళ్టికి మండలంలో మెడలో దండ వెయ్యదగ్గ దూడ ఒక్కటే ఉందండి. చుక్క పెయ్య. ఐదు నెలలది."

ఆయన కళ్లు మూసుకుని తెరిచారు. "పుట్టిన తేదీ నిర్ణయించేది సంస్థ" అన్నారు.

మస్తానమ్మను నేనే వెళ్లి అడిగాను. "సూపిత్తే సూపిద్దాం లేవే. దిట్టి మాత్తరం నువ్వే తియ్యాలి" అంది.

వేదిక ఎక్కించడానికి ఇద్దరు పట్టుకుంటే ఆ ఇద్దరినీ దూడే ఈడ్చుకుంటూ ఎక్కింది. సంచాలకుల వారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇది ఇవాళ పుట్టిందా?"

"ఈ ఉదయమే సార్. సమకాలీకరణ పద్ధతిలో దూడలు కొంత ఎదిగి పుడతాయి."

"కొమ్ములు మొలుస్తున్నట్టున్నాయే?"

"లక్ష్యాల కంటే ముందే ఉన్నాం సార్."

దూడ సంచాలకుల వారి చేతిలోని బంతిపూల దండను లాక్కుని నమలసాగింది. "పళ్లు కూడా ఉన్నాయే!"

"పళ్లతోనే పుట్టింది సార్" అన్నారు ఉమాపతి గారు. అప్పటిదాకా వేదిక మీద ఎవరైనా చెప్పిన నిజం ఇదొక్కటే. దూడలు పళ్లతోనే పుడతాయి.

సంచాలకుల వారు చాలా సంతోషించారు. మైకు తీసుకున్నారు. "ఈ దూడ ఒక వ్యక్తిది కాదు. సంస్థ ఆశయానికి సజీవ ప్రతీక. దీన్ని ఇప్పుడే రాజధానికి తరలించి, ప్రధాన కార్యాలయ ప్రాంగణంలో శాశ్వతంగా ఉంచుతామని ప్రకటిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. వ్యాను వెనక్కి వచ్చి వేదిక పక్కన ఆగింది. తలుపు తెరిచారు. అవతల కట్టేసిన చుక్క ఒక్కసారి అరిచింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మస్తానమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచి వేదిక ఎక్కింది. ఆపడానికి వచ్చిన వాలంటీరును పక్కకు జరిపింది. దూడ మెడ మీద చెయ్యి వేసి, సంచాలకుల వారితో కాదు, ఉమాపతి గారితో మాట్లాడింది.

"అయ్యా, ఐదో నెల్లో నా సుక్కకి సలిమిడి పెట్టిందెవురు?"

వెనక గుడ్డ మీద ఇంటి గోడంత ఫొటోలో ఆయనే పెడుతున్నారు.

"సలిమిడి పెట్టేది పుట్టింటోళ్లు. అంటే మీరు దానికి పుట్టింటోళ్లు. అవునా కాదా? మరి కాన్పు అయితే పుట్టింటోళ్లు ఏం జెయ్యాలి? సారె పెట్టి తల్లినీ బిడ్డనీ ఇంటికంపాలి. బిడ్డని లాక్కుని తల్లిని ఉత్తసేతుల్తో పంపిన పుట్టింటోళ్లని నేనెక్కడా సూళ్లా."

"నిజమే" అంది కింద నుంచి ఒకామె.

"సారె ఏదయ్యా?" అంది ఇంకొకామె. తర్వాత ఎవరెవరు అన్నారో తెలియలేదు.

సంచాలకుల వారు ఫొటో వంక చూశారు. ఉమాపతి గారి వంక చూశారు. ఎంత పెద్ద అధికారి అయినా ఆయన కూడా ఆడపిల్లను పంపిన ఇంటివాడే. మైకు చేత్తో మూసి, "పెట్టారా?" అని అడిగారు.

"పెట్టాను సార్."

"పెడితే మరి సారె పెట్టాల్సిందే కదయ్యా."

సారె కింద దాణా బస్తా, ఒక బకెట్టు, కొత్త పలుపుతాడు అక్కడికక్కడే మంజూరయ్యాయి. బట్ట పెట్టకపోతే సారె కాదని ఆడవాళ్లు పట్టుబట్టారు. ఉమాపతి గారు చుట్టూ చూసి, ఇంకేమీ దొరక్క, అంతకుముందే తనకు కప్పిన శాలువా తీసి దూడ వీపు మీద కప్పారు. ఫొటో బాగా వచ్చింది.

సాయంత్రం దూడతో పాటు మేమూ రేకుల ఇంటి దాకా నడిచి వెళ్లాం. చుక్క దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా నాకింది, శాలువాతో సహా. మస్తానమ్మ డాక్టరు గారి పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

"బాబూ, జనవరిలో ఇది మళ్లా తాడు తెంచింది. కాలవ దాటింది. ఒకసారి సూత్తారా?"

నేను తోక పట్టుకున్నాను. డాక్టరు గారు చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత తొడుగు తీస్తూ తల ఊపారు.

"రాసుకోమంటావా పెద్దమ్మా?" అన్నాను.

"ఏందే రాసుకునేది? మళ్లా ఆయన సలిమిడికి వత్తాడు. నోరు మూసుకుని సెయ్యి కడుక్కో."

కడుక్కున్నాను. చుక్క నెమరేస్తూ నిలబడింది. దాని లోపల చీకట్లో ఎక్కడో పచ్చముద్ద మళ్లీ కాపలాకు కూర్చుని ఉంది. ఈసారి కూడా దాన్ని ఎవరూ నియమించలేదు.